డాక్టరమ్మ వచ్చేలోగా

పెద్దాయన మళ్ళీ కళ్ళు మూశాడు. ఆమె పెట్టె ముందు గొంతుక్కూర్చుని, తలుపు ఊచల్లోంచి రెండు వేళ్ళు లోపలికి దూర్చి వాడి ముక్కు మీద రాసింది. ముక్కు తడిగానే ఉంది, చల్లగానే ఉంది, కానీ ఆ ముక్కు వెనకాల ఉండాల్సిన కుక్క మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయినట్టుంది. మామూలుగా అయితే ఈపాటికి ఆ వేళ్ళని ఎడాపెడా నాకి, అది చాలక మణికట్టు దాకా వచ్చేవాడు. ఇప్పుడు ఒక రెప్ప సగం ఎత్తి, ఎవరో తెలిసినవాళ్ళే అన్నట్టు చూసి, గడ్డం ముందుకాళ్ళ మీద ఆనించి మళ్ళీ జారిపోయాడు. నిద్రేనా ఇది, మత్తా? మనుషులకైతే ఆమె దవడ చూసి చెప్పగలదు. నిద్రపోయే మనిషి దవడ తన బరువు తాను మోసుకుంటుంది, మత్తెక్కిన మనిషి దవడ వేలాడిపోతుంది, పని మీద పళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ కుర్చీల్లో వెల్లకిలా పడుకున్నవాళ్ళని ఎంతమందిని చూడలేదు. కుక్క దవడ సంగతి ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరిగారు, ఒకే చాప మీద పడుకున్నారు, ఇంత చిన్న విషయం ఎందుకు గమనించలేదా అని ఇప్పుడు తన మీద తనకే విసుగొచ్చింది.

విమానాశ్రయంలో మనుషులు ఎక్కే వైపు కాదు ఇది, సరుకులు ఎక్కే వైపు. పొడుగాటి రేకుల షెడ్డు, పైన తిరుగుతున్నాయో ఊగుతున్నాయో తెలియని ఫ్యాన్లు, నేల మీద పసుపుపచ్చ గీతలు. ఆ గీతల మీదుగా సరుకులెత్తే బండ్లు కూత పెట్టుకుంటూ వెనక్కి వెళుతున్నాయి. మధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి సన్నగా దిగి, పెట్టె మీద ఎర్ర అక్షరాలతో రాసిన 'ప్రాణి ఉంది' అన్న మాట మీద పడుతోంది. జంతువుల్ని దేశాలు దాటించే ఏజెంటు చేతిలో ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఇందాకే వచ్చి చెప్పి వెళ్ళాడు.

"డాక్టరమ్మ అవతల కోడిపిల్లల పెట్టెలు చూస్తోందమ్మా. ఓ గంటలో వస్తుంది. ఈలోగా ఈయన్ని కాస్త హుషారు చెయ్యండి. ఇలా జోగుతుంటే కుదరదు."

"పడుకున్నాడంతేనండి. రాత్రి సరిగ్గా నిద్రలేదు."

"నాకు చెప్తే ఏం లాభం, ఆవిడకి చెప్పాలి. మత్తు బిళ్ళ వేశారని అనుమానం వచ్చిందంటే చాలు, సంతకం పెట్టదు. పైన ఊపిరాడకపోతే చూసే నాథుడుండడు కదా. అందులోనూ వయసు మీద పడింది. ఏమీ వెయ్యలేదుగా?"

"అబ్బే, లేదు," అంది ఆమె. అనేసి, అనేశాక, ఆ 'లేదు' అన్నది తన తరఫున మాత్రమే అన్నానని గుర్తొచ్చింది. అప్పుడు తలెత్తి భర్త వైపు చూసింది. అతను స్తంభం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి పైకప్పు చూస్తున్నాడు. ఎక్కడికెళ్ళినా అంతే, పెళ్ళికి వెళ్ళినా ఆసుపత్రికి వెళ్ళినా ముందు పైకప్పు చూస్తాడు, దూలం ఎక్కడ ఆనింది, బరువు ఎటు దిగింది అని. వడ్రంగి మనిషి. పోనీ అనుకుంది, కానీ పోనివ్వలేకపోయింది, ఎందుకంటే పోయిన వారమే కదా అతను అన్నం కలుపుతూ కలుపుతూ అన్నాడు, పాపం వాడు అంతసేపు చీకట్లో మేలుకుని భయపడటం కంటే ఏదైనా ఇచ్చి పడుకోబెడితే నయం కదా అని. ఆమె అప్పుడు గయ్యిమంది. ఇవ్వకూడదని ఏజెంటు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంటే మీకు చెవిలో దూరదా అంది. అతను మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం అంటే ఒప్పుకోవడమూ కావచ్చు, ఒప్పుకోకుండా తన పని తాను చేసుకుపోవడమూ కావచ్చు. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం ఇన్నేళ్ళ కాపురంలోనూ ఆమెకి చేతకాలేదు.

వేశాడా? వేస్తే ఎప్పుడు వేశాడు? పొద్దున అన్నం పెట్టింది అతనే. జాలితో వేశాడా, లేక... ఆ 'లేక' దగ్గర ఆమె మనసు కాలు జారినట్టయి ఆగింది. లేక, పెద్దాయన ఎక్కకూడదనే వేశాడా. ఛీ, ఇదేం ఆలోచన. కట్టుకున్న మనిషి గురించి ఇలా అనుకోవచ్చా. కానీ ఒకసారి గుమ్మంలోకి వచ్చిన ఆలోచన కూర్చోమనకపోయినా కూర్చుంటుంది. పెద్దాయన ఎక్కకపోతే ఏమవుతుంది, ఎవరో ఒకరు ఆగిపోవాలి. ఎవరాగుతారు? పరాయి దేశంలో వచ్చిన ఉద్యోగం ఆమెది. రావలసిన రోజుకి రాకపోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకో మనిషి సిద్ధంగా ఉందని ఆ దేశం నుంచి మర్యాదగానే చెప్పారు. పిల్ల ఆమెతోనే ఉండాలి. ఇక మిగిలింది అతను. అతను ఆగుతాడు. ఆగినవాడు తర్వాత వస్తాడా? తాళం వేసిన తన వడ్రంగం షెడ్డు తెరుస్తాడు, ఎవరో ఒక తలుపు పని తెస్తారు, ఆ తలుపు అయ్యేసరికి ఇంకొకరు కిటికీ తెస్తారు, ఈ నెల కాదు వచ్చే నెల అంటాడు, ఫోనులో పిల్లని చూసి నవ్వుతాడు, ఎక్కువ మాట్లాడడు. అలా జరిగిన ఇళ్ళు ఆమెకి తెలుసు. ఎవరూ ఎవర్నీ వదిలెయ్యలేదు, ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, ఊరికే రాలేదు అంతే.

ఆ ఉద్యోగం వచ్చిన రోజు అతను అన్నది ఒకే మాట. 'వెళ్దాం.' అంతే. ఆ మాటని ఆమె ఎన్నిసార్లు తిప్పి చూసిందో, నమూనా పళ్ళని వెలుగులో పెట్టి తిప్పి చూసినట్టు. ఆమె పని అదే, పళ్ళు చెయ్యడం. ఎవరి నోరో ఆమెకి తెలియదు, డాక్టర్లు పంపిన అచ్చు మాత్రమే వస్తుంది, దాంట్లో ప్లాస్టరు పోసి, ఆపైన మైనం పరిచి, దీపం మీద కత్తి కాల్చి, ఒక్కో పన్నూ కూర్చి, పై పళ్ళూ కింది పళ్ళూ కొరికే తీరు సరిచూసి పంపుతుంది. కొత్త పళ్ళు మరీ తెల్లగా, మరీ తీరుగా పెడితే పెట్టుడు పళ్ళని పసిపిల్ల కూడా చెప్పేస్తుంది, అందుకని ఎక్కడో ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకి తిప్పాలి. ఫోను ముందు కూర్చోబెట్టి ఆ దేశం వాళ్ళు పని చేయించి చూసినప్పుడు ఆమె అలాగే ఒక పన్ను తిప్పింది. అవతల ఒకాయన ముందుకు వంగి చూశాడు. అప్పుడే తెలిసింది ఉద్యోగం వచ్చిందని. చేతులు కడుక్కుని వచ్చి చెబితే అతను రంపం ఆపి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, 'వెళ్దాం' అన్నాడు. ఆ పెన్సిలు తీసి పెట్టుకోవడానికి అంతసేపు ఎందుకు పట్టింది? ఆ దేశంలో అతనికి పని చేసే అనుమతి వెంటనే దొరకదు, అది అతనికి తెలుసు. పనిముట్లన్నీ పక్క వీధి వడ్రంగికి ఇచ్చేశాడు, బాడిత, ఉలులు, బరమా, అన్నీ. చిత్రిక ఒక్కటి ఇవ్వడానికి వెనకాడి, రెండు రోజులు ఇంట్లోనే ఉంచుకుని, మూడో రోజు చెప్పకుండా వెళ్ళి ఇచ్చొచ్చాడు. ఇచ్చొచ్చిన సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ చెవి మీదకి చెయ్యి పోనిచ్చాడు. పెన్సిలు లేదు. చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. ఆమె వంటింట్లోంచి చూసి, చూడనట్టు తిరిగిపోయింది.

కానీ ఈ పెట్టె చేసింది కూడా అతనే కదా, అని ఆమె తనతో తాను వాదించుకుంది. ఎక్కకూడదనుకున్న మనిషి ఇంత పెట్టె చేస్తాడా? పెద్దాయన్ని నిలబెట్టి ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి చెవి కొస దాకా కొలిచాడు. పెద్దాయనేమో టేపు నోట కరుచుకుని పారిపోయాడు. మళ్ళీ కొలిచాడు. లోపల మేకు మొన ఒక్కటైనా తగలకూడదని అరచేత్తో మూలమూలనా తడిమాడు. వాడు లోపల వెనక్కి తిరగగలగాలని గోడల్ని వెనక్కి జరిపాడు. అంచులకి చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, చెంపకి ఆనించుకుని చూసుకున్నాడు. ఊరికే ఇంట్లో పెట్టి వారాల తరబడి అలవాటు చేశారు. మొదట పెద్దాయన దాని చుట్టూ తిరిగి మొహం ముడుచుకున్నాడు, పిచ్చుక వెళ్ళి ముందు పడుకుంటే దాని వెనకాల వెళ్ళాడు. పిచ్చుక అంటే పిల్ల, బళ్ళో వేయడానికింకా ఏడాది ఉంది, నోరు మాత్రం మూతపడదు. ఆ పెట్టెలో పిల్లా కుక్కా కలిసి మధ్యాహ్నాలు నిద్రపోయేవాళ్ళు. వాళ్ళ మీద పిల్లి ఎక్కి కూర్చునేది, దాని పేరు మహారాణి, అది పెట్టె మీద తప్ప పెట్టెలో కూర్చోదు. అది చూసి అతను నవ్వాడు. నవ్వాడు కదా. లేకపోతే అదీ నేనే కల్పించుకుంటున్నానా.

అక్క చెప్పనే చెప్పింది. కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్యవే, పిల్లనేం ఇచ్చెయ్యమనడం లేదుగా అంది. అక్కకి అన్నీ తేలిక. పెద్దాయన అతనితో వచ్చాడు ఈ కాపురంలోకి. పెళ్ళికి ముందే, షెడ్డులో చిత్రిక పొట్టులో ఎవరో వదిలేసిపోయిన కుక్కపిల్ల, అప్పటికే మూతి చుట్టూ తెల్లటి వెంట్రుకలతో పుట్టు ముసలాడిలా ఉంటే పెద్దాయన అన్నారట. ఆమె కొత్తకోడలిగా వచ్చిన రోజు అత్తింటివాళ్ళందరికంటే ముందు ఎదురొచ్చి చీర కుచ్చిళ్ళు వాసన చూసింది వాడే. కాళ్ళూ చేతులూ ఆడని ఆ మొదటి రోజుల్లో, భర్త రోజుకి పట్టుమని పది మాటలు కూడా మాట్లాడని ఆ రోజుల్లో, ఆమె మాట్లాడింది వాడితోనే. తర్వాత తర్వాత అర్థమైంది, అతను కూడా ఆమెతో చెప్పాల్సినవి వాడితోనే చెప్పేవాడని. "పెద్దాయనా, కూరలో ఉప్పు తక్కువైందిరా," అనేవాడు. "పెద్దాయనా, ఉప్పు డబ్బా అక్కడే ఉంది, చేతులేం పడిపోలేదు కదా అని చెప్పరా," అనేది ఆమె. అలా పెరిగింది కాపురం. ఈ కుక్కని ఎవరికి ఇస్తారు?

"అమ్మా, పెద్దాయనకి కిటికీ ఉందా?"

పిచ్చుక బెంచీ ఎక్కి దూకుతోంది, ఎక్కి దూకుతోంది. బెంచీ మీద సంచిలో ఉన్న మహారాణి ప్రతి దూకుడికీ ఒక అరుపు అరుస్తోంది. "ఉంది," అంది ఆమె ఆలోచించకుండా. విమానంలో పెద్దాయనకి కిటికీ ఉంది, నీళ్ళు పోసే మావయ్య ఉన్నాడు, మనం పైన, వాడు సరిగ్గా మన కింద, మనం కాలితో తడితే వాడికి వినబడుతుంది. ఈ నెల రోజుల్లో ఇలాంటివి ఎన్ని చెప్పిందో ఆమెకే గుర్తులేదు. వద్దన్నది చేయించడానికి ఒకటి, ఏడుపు ఆపడానికి ఒకటి. పొద్దున ఆ బిళ్ళ మింగించడానికి కూడా ఏదో చెప్పింది. పిల్లకి బండెక్కితే వాంతులు, అందుకని పిల్లల డాక్టరు ఇచ్చిన బిళ్ళ, పొడి కొట్టి అరటిపండు ముద్దలో కలిపి గిన్నెలో పెట్టి, తినకపోతే ఏమవుతుందో కూడా చెప్పి, తాళాలు వెతకడానికి పరిగెత్తింది. అది వేస్తే పిల్ల తూగుతుందని డాక్టరు చెప్పాడు. ఇదేమో గంతులేస్తోంది. ఈ పిల్లకి ఏ మందూ పనిచేయదు, అంతా వాళ్ళ నాన్న మొండితనమే, అనుకుని మళ్ళీ పెట్టె వైపు తిరిగింది. పెద్దాయన పక్కటెముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. లేచిన తర్వాత దిగడానికి చాలాసేపు పడుతోంది. లేదు, మామూలుగానే ఉంది. లేదు, చాలాసేపే పడుతోంది.

అడిగెయ్యాలి. అడగకపోతే ఈ గంట గడవదు. ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుని, స్తంభం దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, పొద్దున పెద్దాయనకి అన్నం పెట్టింది మీరేగా?"

"నేనే."

"ఒట్టి అన్నమేనా?"

"ఒట్టి అన్నమే. అదీ సగమే తిన్నాడు." అతను పైకప్పు మీంచి చూపు దించి ఆమె మొహం మీద పెట్టాడు. "ఏం?"

"ఏం లేదు. ఊరికే."

"నువ్వు పొద్దున మందుల డబ్బా తీశావు."

"పిల్ల కోసం."

"ఊఁ," అన్నాడు.

ఆ 'ఊఁ' ఏమిటి? ఆమె వెనక్కి వచ్చి కూర్చుని ఆ 'ఊఁ'ని పట్టుకుంది. తప్పు చేసినవాడు మాట మార్చడానికి ఎదుటివాళ్ళ మీదకి తోసేస్తాడు, అదేనా ఇది? మందుల డబ్బా మాట ఎందుకు ఎత్తాడు? తీసింది నేను, సరే, తీసి బల్ల మీదే పెట్టి వెళ్ళాను, ఆ బల్ల పక్కనే ఈయన పెద్దాయనకి అన్నం కలిపాడు. చెయ్యి చాస్తే అందుతుంది. డాక్టరమ్మ వస్తుంది, అడుగుతుంది, ఈయన నేల చూపులు చూస్తాడు, అంతా బయటపడుతుంది, లేదా బయటపడదు, పెద్దాయన పైన చీకట్లో ఊపిరి తీస్తూ తీస్తూ... వద్దు. రెండూ వద్దు. అవతలి మూల నుంచి కోడిపిల్లల కిచకిచలు వస్తున్నాయి, వందల గొంతులు కలిసి నూనెలో ఏదో వేగుతున్న చప్పుడులా. వాటికి అమ్మ ఎవరో తెలియదు, ఎక్కడికి పోతున్నాయో తెలియదు, ఎంత హుషారుగా అరుస్తున్నాయి. డాక్టరమ్మ వాటి మధ్య తెల్లకోటులో వంగుతూ లేస్తూ కనిపిస్తోంది. ఒక్కో పెట్టె అయ్యేకొద్దీ దగ్గరికి వస్తోంది. మన పెట్టె చివరిది. అద్దె ఇంటికి ఈపాటికి యజమాని తాళం మార్చేసి ఉంటాడు. గోడలకి మేకుల గుంతలు కూడా ఈయన సున్నం పెట్టి పూడ్చి వచ్చాడు. తిరిగి వెళ్ళాలన్నా అక్కడ మన జాగా ఏమీ లేదు, షెడ్డు తప్ప. షెడ్డు తప్ప. అదే కదా అసలు బాధ.

"అమ్మా, ఒంటికి."

ఎప్పుడూ ఇలాంటప్పుడే. ఆమె పిచ్చుక చెయ్యి పట్టుకుని షెడ్డు చివర ఉన్న గది వైపు నడిపించింది. లోపల తడి నేల, కారుతున్న కుళాయి, మసకబారిన అద్దం. అద్దంలో తన మొహం చూసుకుని, ఇంత మాడిపోయిన మొహం ఎవరిదా అనుకుంది. పిల్లని దింపి, గౌను సర్ది, చేతులు కడుగుతుంటే, ఆ చిన్న వేళ్ళ సందుల్లో ఎండి అట్టకట్టిన అరటిపండు.

"ఇప్పటిదాకా చేతులు కడుక్కోలేదా నువ్వు?"

"నాది కాదు. పెద్దాయన మూతిది. పెద్దాయన నాకితే అంటుకుంది."

కుళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"పెద్దాయనకి అరటిపండు పెట్టావా?"

"నువ్వేగా చెప్పావు, విమానం ఎక్కేవాళ్ళందరూ మందు తినాలని. తినకపోతే దింపేస్తారని." పిచ్చుక మొహం ఎత్తి, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "నేను కొంచెం తిన్నా. చేదు. పెద్దాయన మిగతాదంతా తిన్నాడు, గిన్నె కూడా నాకాడు. మహారాణికీ పెట్టా, అది వాసన చూసి పోయింది. అమ్మా, మహారాణిని దింపేస్తారా?"

ఆమె కుళాయి కట్టేసింది. తినకపోతే దింపేస్తారు. అవును, అదే చెప్పింది, గిన్నె పిల్ల ముందు పెట్టి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా. పిల్ల నమ్మింది. నమ్మి, పెద్దాయన్ని దింపేయకుండా ఉండటానికి తన వంతులోంచి పెట్టింది. "దింపరు," అని పిల్ల చేతులు తన కొంగుతో తుడిచి, ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటిపోయింది, అయినా ఎత్తుకుంది.

నడవా పొడుగునా నడుస్తుంటే కాళ్ళు ముందుకీ ఆలోచన వెనక్కీ. పిల్లలకిచ్చే బిళ్ళ. మొత్తం కూడా కాదు. ఆ కాస్త బిళ్ళతో అంత కుక్కకి ఏమవుతుంది, ఇంకో గంటలో దిగిపోతుంది, విమానం లేచేసరికి మామూలైపోతాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఇందులో ఏముంది, విషమా ఏమన్నానా? అందరం కలిసి వెళ్ళిపోతాం, అతను వస్తాడు, అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి. కానీ ఏమీ కాదని ఎవరు చెప్పారు? డాక్టరా? నేనే చెప్పుకుంటున్నాను, నీళ్ళు పోసే మావయ్య ఉన్నాడని చెప్పినట్టు, కిటికీ ఉందని చెప్పినట్టు. అక్కడ దిగాక పెట్టె తలుపు తీసినప్పుడు వాడు లేవకపోతే? అప్పుడు ఈ పిల్ల అడుగుతుంది, మందు తిన్నాడుగా అమ్మా అని. అప్పుడు ఏం చెప్పాలి, ఇంకే మావయ్యని కల్పించాలి? అయినా వద్దు, ఇప్పుడవన్నీ వద్దు, ముందు డాక్టరమ్మ ఏమంటుందో చూద్దాం, అడగకపోతే చెప్పక్కర్లేదు. అడగదేమో. అవతల అన్ని కోడిపిల్లల పెట్టెలు చూసి అలిసిపోయి ఉంటుంది. అడగకపోతే బాగుణ్ణు.

డాక్టరమ్మ అప్పటికే పెట్టె ముందు ఉంది. నడివయసు మనిషి, కోటు నిండా పసుపుపచ్చ నూగు. ఏజెంటు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆశ్చర్యంగా పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు, వెనక కాళ్ళు కాస్త వెడల్పుగా పెట్టుకుని, తోక ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊపుతూ. డాక్టరమ్మ వాడి పెదవి పైకి లాగి చిగుళ్ళు నొక్కి చూసింది, కళ్ళ రెప్పలు తెరిచి చూసింది, గొట్టం పెట్టి గుండె విన్నది. "గుండె బాగానే ఉంది. ముసలాడే కానీ గట్టి పిండం," అని పెన్ను తీసింది. తీసి, రాయబోతూ, అలవాటుగా అడిగింది.

"మత్తుది, వాంతులది, అలాంటిదేమీ వెయ్యలేదుగా?"

"లేదండీ," అన్నాడు భర్త.

చాలా తొందరగా అన్నాడు. అలా తొందరగా మాట్లాడే మనిషి కాదు. అనేసి డాక్టరమ్మ వైపు కాదు, ఆమె వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను, అన్నట్టు ఉంది. అప్పుడు ఆమెకి ఆ 'ఊఁ' అర్థమైంది. మందుల డబ్బా అర్థమైంది. ఈ గంటసేపూ ఆ స్తంభం దగ్గర నిలబడి అతను చూసింది పైకప్పుని కాదు. వీళ్ళిద్దరూ ఒకే పెట్టెకి అటొకరూ ఇటొకరూ ఉండి, ఒకరి మీద ఒకరు అదే అనుమానం మోస్తూ, అది బయటికి అనకుండా పంటి బిగువున ఆపుకుని నిలబడ్డారు. అతను అబద్ధం ఆడింది కూడా ఆమె కోసమే. ఆగిపోవాలనుకున్న మనిషి అయితే నిజం చెబితే సరిపోయేది.

పెన్ను కాగితానికి ఆనింది. భుజం మీద పిచ్చుక తలెత్తి నోరు తెరవబోతోంది. పిల్ల చెప్పేలోగా, పిల్ల చేత చెప్పించకుండా, ఆమె అంది.

"వేశామండీ. వాంతుల బిళ్ళ. పిల్లది. నేను పిల్ల కోసం అరటిపండులో కలిపితే అందులో సగం పైగా వాడు తిన్నాడు. ఇప్పుడే తెలిసింది."

ఏజెంటు నుదురు కొట్టుకున్నాడు. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. కోప్పడలేదు. ఏ బిళ్ళో అడిగింది, ఎప్పుడో అడిగింది, పెద్దాయన చెవి వెనకాల గోకుతూ కాసేపు ఆలోచించింది. "ఏమీ కాకపోవచ్చమ్మా. కానీ ఏమన్నా అయితే పైన ఎవరూ చూడరు. నేనివాళ పంపను. రెండు రోజులాగి తీసుకురండి, అప్పుడు నేనే సంతకం పెడతా." లేచి, కోటు మీది నూగు దులుపుకుని, వెళ్ళబోతూ పిచ్చుక బుగ్గ తట్టి, "మంచిదానివే, పంచి పెట్టావు," అంది. పిల్లకి అది మెచ్చుకోలో చీవాట్లో తెలియక అమ్మ మెడలో మొహం దాచుకుంది.

ఆ తర్వాత ఏజెంటు ఫోను చెవికి ఆనించుకుని వేరే విమానం సంగతి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూ దూరంగా పోయాడు. పెట్టె చుట్టూ ముగ్గురే మిగిలారు, వాళ్ళతో పెద్దాయన ఒకడు, సంచిలో మహారాణి ఒకతి.

"నువ్వే వేశావనుకున్నా," అన్నాడు అతను.

"నేను మీరనుకున్నా."

"నేనెందుకు వేస్తాను?"

ఆమె పిచ్చుకని ఇంకో భుజం మీదకి మార్చుకుంది. ఈ గంటసేపూ తను ఏమేం అనుకుందో చెబితే, అతను ఏమీ అనడు, అదే భరించలేం. ఇద్దరికీ ఒకేసారి ఒక వెర్రి నవ్వు వచ్చి, రాగానే ఆగిపోయింది.

"మీరిద్దరూ ఎక్కండి," అన్నాడు. "టైమవుతోంది. నేను వీణ్ణి తీసుకుని వస్తా."

వస్తా. ఆమె ఆ మాట వినగానే మళ్ళీ తిప్పి చూడటం మొదలుపెట్టింది. 'వెళ్దాం' లాంటిదేనా ఇది? ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపించే మాట. నిజంగా వస్తారా అని అడగాలి. ఇప్పుడడగకపోతే ఇంకెప్పుడడుగుతుంది. నోరు తెరిచింది. కానీ అతను అప్పటికే కుడి చేత్తో పెద్దాయన వెనక కాళ్ళు తడుముతూ, కీళ్ళు నొక్కి చూస్తూ, కొత్త ఇంటికి పనికొప్పుకునే ముందు ఇంటివాళ్ళతో మాట్లాడే గొంతుతో మాట్లాడుతున్నాడు.

"అక్కడ మనం ఉండబోయే ఇల్లు మేడ మీద అన్నావు కదా. మెట్ల ఎత్తెంతో చూసి చెప్పు. ఎన్నున్నాయో కాదు, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, వెడల్పెంత. వీడి కాళ్ళతో ఎక్కలేడు. పక్కన ఏటవాలు పలకొకటి కొట్టాలి. అక్కడ చెక్క ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కో, వచ్చీ రాగానే వెతుక్కోవడం కుదరదు."

"నా దగ్గర టేపు లేదు," అంది ఆమె.

"టేపెందుకు, జానలతో కొలువు."

"ఎవరి జాన నాన్నా?" పిచ్చుక మెడలోంచి మొహం తీసి, తన అరచెయ్యి చాచి చూపించింది. "నాదా?"

"అమ్మది."

"అమ్మ జాన ఎంతో నీకెలా తెలుస్తుంది?"

"తెలుసులే," అన్నాడు అతను, పెద్దాయన కాలు వదలకుండానే.